బండి టైరుకు ఆయుష్షెంత?



గ్యాసు బండ ఎన్నాళ్ళొస్తుందని అడిగితే మనలో ప్రతి ఒక్కరమూ ఠక్కున చెప్పేస్తాం. కందిపప్పు నెలకెంత కావాలో, నూనె డబ్బా ఎప్పటికి ఖాళీ అవుతుందో అంతా నోటి లెక్కే. కాని ఇంటి ముందు నిలబెట్టిన స్కూటరు టైర్లు ఎప్పుడు వేయించినవి, ఇంకా ఎన్నాళ్ళు వస్తాయి అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాం. "అదంతా మావారు చూసుకుంటారండీ" అంటాం. ఆయన్నడిగితే "మెకానిక్కు చూస్తాడులే" అంటారు. మెకానిక్కునడిగితే "ఆయిలు మార్చమన్నారు, మార్చాను. టైరు సంగతి నాకెవరూ చెప్పలేదు" అంటాడు. అంటే ఏమిటన్నమాట? ముగ్గురున్నా టైరును చూసే నాథుడు లేడన్నమాట.

ఆ టైరు మీదే మనం పిల్లల్ని బడికి దింపుతాం. కూరల మార్కెట్టుకు, ఆసుపత్రికి, పెళ్ళిళ్ళకు వెళ్తాం. ఇదివరకు వెనక కూర్చుని వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు చాలామందిమి మనమే నడుపుతున్నాం. బండి ఎంత పెద్దదైనా రోడ్డును అంటిపెట్టుకుని వుండేది ఒక్కో చక్రానికి అరచెయ్యంత మేర కూడా వుండదు. ఆ రెండు అరచేతుల పట్టు మీదే మన సంసారమంతా సాగిపోతూ వుంటుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. అన్నిటికీ టైర్లే కారణమని నేననను. కాని మన చేతిలో వున్న జాగ్రత్త ఇది. కాబట్టి దీన్ని గురించి నాలుగు మాటలు తెలుసుకోవడం మంచిది.

ముందు టైరంటే ఏమిటో చూద్దాం. రబ్బరు చెట్టు పాలు తెల్లగా వుంటాయి. మరి టైరు నల్లగా ఎందుకుంటుంది? మనం కాటుకకు మసి పట్టినట్టే, బరువైన నూనెలను గాలి చాలకుండా కాల్చి మసి పట్టి, దాన్ని రబ్బరులో కలుపుతారు. తొలినాళ్ళలో టైర్లు తెల్లగానే వుండేవి, తొందరగా అరిగిపోయేవి. ఈ మసి కలపడం మొదలుపెట్టాకే వాటికి గట్టితనం వచ్చింది. దీనికి గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు సాగినా మళ్ళీ తన ఆకారానికి వస్తుంది. లోపల గట్టి దారాల పొరలుంటాయి. ఆ దారాలు బయటికి కనిపించాయంటే టైరు పని అయిపోయిందని అర్థం.

ఇక ఆయుష్షు సంగతి. మామూలు స్కూటర్లకు, చిన్న మోటారు సైకిళ్ళకు వెనక టైరు సుమారు 15 వేల నుంచి 25 వేల కిలోమీటర్ల వరకు వస్తుంది. ముందు టైరు ఇంకా ఎక్కువ కాలం వస్తుంది. ఇంజను తిప్పేది వెనక చక్రాన్నే, బరువు ఎక్కువ పడేదీ దాని మీదే, అందుకే అది ముందు అరుగుతుంది. కుర్రకారు మోజుపడే పెద్ద పెద్ద మోటారు సైకిళ్ళున్నాయే, వాటి టైర్లు మెత్తటి రబ్బరుతో చేస్తారు. పట్టు బాగా వుంటుంది కాని కొన్నిటికి వెనక టైరు పదివేల కిలోమీటర్లు కూడా రాదు. అబ్బాయి "అప్పుడే టైరు మార్చాలమ్మా" అంటే డబ్బు తగలేస్తున్నాడని కోప్పడకండి, అది నిజమే కావచ్చు.

చిన్న చక్రాలు తొందరగా అరగడానికి ఇంకో కారణం కూడా వుంది. పది అంగుళాల స్కూటరు చక్రం కిలోమీటరు దూరం పోవడానికి సుమారు 730 సార్లు తిరుగుతుంది. పద్ధెనిమిది అంగుళాల మోటారు సైకిలు చక్రం 515 సార్లు తిరిగితే సరిపోతుంది. నాన్నతో సమంగా నడవడానికి చంటివాడు రెట్టింపు అడుగులు వేసినట్టన్నమాట. ఎన్ని అడుగులు ఎక్కువైతే చెప్పు అంత అరుగుతుంది గదా!

పాత చేతక్ స్కూటర్లు మీకు గుర్తుండే వుంటాయి. వాటికి స్టెప్నీ వుండేది. ముందు చక్రం, వెనక చక్రం, స్టెప్నీ మూడూ ఒకే కొలత. వెనకది అరిగితే ముందుకు, ముందుది వెనక్కు మార్చుకుంటూ మూడింటినీ సమంగా వాడుకునేవారు. ఇప్పటి స్కూటర్లలో చాలావాటికి ఆ సదుపాయం లేదు. అందుకని వున్న రెండింటినే కనిపెట్టుకుని వుండాలి.

టైరును అరగదీసే వాటిలో మొదటిది గాలి. గాలి తక్కువైతే టైరు నడుం వంగి, రెండు అంచులూ రోడ్డుకు రాసుకుని అరుగుతాయి. పైగా చక్రం తిరిగినప్పుడల్లా పక్కలు నలిగి వేడెక్కుతాయి. ఇనుప తీగను పదిసార్లు అటూ ఇటూ వంచి చూడండి, వంచినచోట చెయ్యి చురుక్కుమంటుంది. టైరులో జరిగేదీ అదే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, కాలే రోడ్డు మీద, గాలి తక్కువైన టైరుతో ఇద్దరు ముగ్గురు ఎక్కి వెళ్తే అది పగిలిపోయే ప్రమాదం కూడా వుంది. అలాగని బాగా బిగించి కొట్టించినా తప్పే. అప్పుడు నడిమి భాగం మాత్రమే రోడ్డును తాకి, అక్కడే గీతగా అరిగిపోతుంది. బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది, బ్రేకు వేస్తే పట్టు తగ్గుతుంది.

మరి ఎంత వుండాలి? దాన్ని మీరు ఎవర్నీ అడగక్కర్లేదు. బండి మీదే ఒక చీటీ అంటించి వుంటుంది, లేకపోతే బండితో ఇచ్చిన పుస్తకంలో వుంటుంది. ఎన్నో స్కూటర్లకు ముందు చక్రానికి 22, వెనక్కి 29, వెనక మనిషి కూర్చుంటే 36 అని రాసి వుంటుంది. మీ బండి మీద ఏ అంకె వుంటే అదే మీకు ప్రమాణం. పెట్రోలు బంకులో గాలి ఉచితం. ఆ అంకె చెప్పి, వాళ్ళు కొడుతున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. "చూసి కొట్టమ్మా" అంటే సరిపోదు. పంక్చరు పడకపోయినా రబ్బరు గుండా గాలి కొద్దికొద్దిగా పోతూనే వుంటుంది. పండక్కి కట్టిన బుడగ మర్నాటికి ముడుచుకుపోవడం మనం చూడటం లేదూ? అందుకని పదిహేను రోజులకొకసారి గాలి చూపించాలి. అదీ పొద్దున్నే, బండి ఎక్కువ దూరం తిరగకముందు. తిరిగి తిరిగి వేడెక్కాక చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుందని గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

రెండోది బరువు. స్కూటరు ముందు ఖాళీ జాగా కనిపిస్తే చాలు, మనకు చెయ్యి ఆగదు. 25 కిలోల బియ్యం బస్తా అక్కడ పెట్టేస్తాం. గ్యాసు బండలో గ్యాసు 14.2 కిలోలే అయినా ఇనుప బండతో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది. దానికి తోడు ఇద్దరు పెద్దలు, మధ్యలో ఒక పిల్ల! టైరు పక్కన 90/100-10 53 జె అన్నట్టు కొన్ని అంకెలు అచ్చువేసి వుంటాయి. ఇందులో 90 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, చివరి 10 చక్రం అంగుళాలు. 53 అనేది బరువు గుర్తు. ఆ టైరు గరిష్ఠంగా 206 కిలోలు మోయగలదని దాని అర్థం. అయితే అది గాలి సరిగ్గా వున్న మంచి టైరు సంగతి. గాలి తక్కువై, అరిగిపోయిన టైరు అంత మోయలేదు. బియ్యం బస్తా ఆటోలో తెచ్చుకుంటే అయ్యే ఖర్చు కంటే టైరు నష్టమే ఎక్కువ కావచ్చు.

మూడోది నడిపే చెయ్యి. సిగ్నలు పడగానే రయ్యిన లేవదీయడం, ఎదురుగా ఎవరో కనిపించాక గట్టిగా బ్రేకు నొక్కి ఆపడం టైరును సానరాయి మీద పెట్టి గీసినట్టే. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకునే అలవాటు మనలో చాలామందికుంది. అప్పుడు చక్రం బిగుసుకుని, టైరు ఒకేచోట రోడ్డుకు రాసుకుని అక్కడ నున్నగా చెక్కినట్టయిపోతుంది. దూరం నుంచే చూసుకుని, రెండు బ్రేకులూ కలిపి మెల్లగా వేసేవారి టైరు ఎక్కువ కాలం వస్తుంది, వారి ఒళ్ళు కూడా క్షేమంగా వుంటుంది.

నాలుగోది రోడ్డు, ఎండ. కంకర తేలిన రోడ్డు, గరుకు సిమెంటు రోడ్డు టైరును తొందరగా తినేస్తాయి. రోడ్డును మనం మార్చలేం కాని, బండిని ఎండలో నిలబెట్టకుండా నీడన పెట్టుకోగలం. కిరోసిను, డీజిలు గుడ్డతో టైరు తుడిస్తే మెరుస్తుందని కొందరు తుడుస్తారు. అది రబ్బరును పాడుచేస్తుంది. మంచినీళ్ళతో కడిగితే చాలు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. అరిగిపోయిన టైరు పొడి రోడ్డు మీద మనకేమీ తెలియనివ్వదు, చక్కగానే పోతుంది. అందుకే "బాగానే నడుస్తోందిగా" అని మోసపోతాం. టైరు మీది గాడులున్నది అందానికి కాదు. వానపడ్డప్పుడు కింద నీళ్ళు ఆ గాడుల్లోంచి పక్కకు పోయి, రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది. గాడులు లేకపోతే నీళ్ళు పోయే దారి లేక, తడిబట్ట మీద అడుగేసినట్టు బండి జారుతుంది. తొలకరి రోజున రోడ్డు మీది దుమ్మూ ఆయిలూ నీళ్ళలో కలిసి ఇంకా జారుడుగా వుంటుంది. అంటే వేసవంతా మన్నించిన టైరు మృగశిర కార్తెలో పగతీర్చుకుంటుందన్నమాట. కాబట్టి టైర్లు చూసుకోవలసింది వానలకు ముందు, మే నెలలోనే.

ఎలా చూడాలి? చాలా తేలిక. టైరు పక్కన చిన్న బాణం గుర్తు గాని, టి.డబ్ల్యు.ఐ. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు గాని వుంటాయి. దానికి ఎదురుగా గాడిలోపల చిన్న గట్టులాంటిది కనిపిస్తుంది. చుట్టూ వున్న రబ్బరు అరిగి అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు మార్చవలసిందే. గట్టు ఇంకా లోతుగా వుంటే భయం లేదు. ఇందుకు మెకానిక్కు అక్కర్లేదు, మన చూపుడువేలు చాలు.

ఇంతకూ మీది తక్కువ తిరిగే బండే అనుకోండి. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగేవారికి 20 వేల కిలోమీటర్లు మూడేళ్ళలోపే నిండిపోతాయి. రోజుకు 5 కిలోమీటర్లే అయితే పదకొండేళ్ళు పడుతుంది. అలాగని పదకొండేళ్ళు వాడవచ్చా? వాడకూడదు. తిరిగినా తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. గట్టిపడి, పక్కల్లో సన్నటి బీటలు వేస్తుంది. అయిదేళ్ళు దాటాక ఏటా ఒకసారి తెలిసినవారికి చూపించాలి. పైకి ఎంత బాగున్నా పదేళ్ళు దాటిన టైరు వాడకూడదు. వయసెంతో టైరే చెబుతుంది. పక్కన నాలుగు అంకెలు అచ్చువేసి వుంటాయి. 3523 అని వుంటే 2023వ సంవత్సరం 35వ వారంలో, అంటే ఆగస్టు చివర్లో తయారైందని అర్థం. కొత్త టైరు కొనేటప్పుడు మందుసీసా మీద తేదీ చూసినట్టే ఇదీ చూసి కొనండి.

చెయ్యకూడనివి కూడా రెండున్నాయి. నున్నబడ్డ టైరుకు కత్తితో గాడులు కోసి కొత్తదానిలా చేసి ఇస్తామనేవారుంటారు. వున్న పలుచని రబ్బరే కోసేస్తే ఇక మిగిలేదేమిటి? అలాగే టైరు పక్కభాగంలో మేకు దిగితే దానికి అతుకు పనికిరాదు, టైరు మార్చాల్సిందే. ఇక కొత్త టైరు వేయించిన మొదటి నూటయాభై కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. కొత్త రబ్బరు పైన నున్నగా వుండి కొంచెం జారుతుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. టైరు 1500 రూపాయలనుకుందాం. 20 వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు ఏడున్నర పైసలు పడింది. అశ్రద్ధ చేసి పదివేలకే పాడుచేసుకుంటే పదిహేను పైసలు. కాని అసలు లెక్క ఇది కాదు. మార్చవలసిన టైరును ఇంకో ఆరునెలలు లాగితే మిగిలేది మహా అయితే రెండు మూడు వందలు. ఆ రెండు మూడు వందల కోసం వానరోజున, వెనక పిల్లవాణ్ణి కూర్చోబెట్టుకుని జారుడు బండి నడపడం ఏ లెక్కకూ అందదు.

దసరానాడు మనం బండి కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. నాకు తెలిసిన ఒకావిడ అలా చక్రానికి బొట్టు పెడుతూ వుంటే, వెనక టైరు నడిమి భాగం అద్దంలా చేతికి నున్నగా తగిలింది. వంగి చూస్తే ఒకచోట దారాలు బయటపడి వున్నాయి. అంతకు ముందురోజే నలుగురూ ఆ బండి మీద గుడికి వెళ్ళొచ్చారు! ఆవిడ ఆ బండిని గడప దాటనివ్వలేదు. మర్నాడు కొత్త టైరు వేయించాకే బయటికి తీశారు. మొక్కే చేతులే తడిమి చూశాయి కాబట్టి సరిపోయింది. అయితే ఏడాదికొకసారి వచ్చే పండగ దాకా ఆగడమెందుకు?

పాల లెక్క రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీ బండికి ఇవ్వండి. టైరు వేయించిన తేదీ, అప్పటికి మీటరులో వున్న కిలోమీటర్లు, టైరు పక్కనున్న నాలుగు అంకెలు రాసిపెట్టుకోండి. గ్యాసు బుక్కు చేసిన రోజునే గాలి కూడా చూపించాలని నియమం పెట్టుకుంటే మరిచిపోరు, మధ్యలో ఇంకోసారి చూపిస్తే మరీ మంచిది. ఇందులో మగవాళ్ళ పని, ఆడవాళ్ళ పని అని లేదు. ఎవరు నడిపినా కూర్చునేది మన ఇంటివాళ్ళే గదా!