ఫోటో దిద్దుకుంటే తప్పా?

(శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. కూలి రేట్ల గురించో, గృహహింస చట్టం గురించో మాట్లాడవలసిన చోట ముఖానికి వేసుకునే రంగుల గురించీ, ఫోన్లో పెట్టుకునే ఫోటో గురించీ మాట్లాడటం ఏమిటని అడగవచ్చు. కిందటి సమావేశంలో ఒక అమ్మాయి ప్రశ్న అడగకపోయి ఉంటే నాకూ ఈ ఆలోచన వచ్చేది కాదు.

ఆ అమ్మాయిది విజయనగరం. బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుంది. పెళ్ళికూతుళ్ళను అలంకరించడం బతుకుతెరువుగా చేసుకోవాలని ఆమె ఆశ. ఇంట్లో తన ముఖం మీదే రకరకాల అలంకరణలు చేసుకుని, ఫోటో తీసుకుని, నలుగురూ చూసేలా ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతుంది. పెట్టేముందు ఫోన్లోనే మొటిమల మచ్చలు తుడిచి, కళ్ళకింద నలుపు తీసేసి, రంగు కాస్త తేలుస్తుంది. ఒకసారి వాళ్ళ చుట్టమే ఒకాయన ఫోటో కింద "ఇదంతా మోసం, అసలు ముఖం చూపించు" అని రాశాడట. ఆ అమ్మాయి మన దగ్గరికి వచ్చి, "మేడమ్, నా ఫోటో నేను దిద్దుకుంటే తప్పా?" అని అడిగింది. మనలో ఒకరు "నీ ముఖం, నీ ఇష్టం" అన్నారు. ఇంకొకరు "అందం పేరుతో మార్కెట్ మన నెత్తిన రుద్దిన బానిసత్వం ఇది" అన్నారు. రెండూ విని, ఏదీ తేలక, ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆమెకు మనం ఒక జవాబు బాకీ పడ్డాం. ఆ బాకీ తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఆ చుట్టం అడిగిన "అసలు ముఖం" సంగతి చూద్దాం. దిద్దని ఫోటో నిజం, దిద్దిన ఫోటో అబద్ధం అని మనం తేలిగ్గా అనేస్తాం. కానీ దిద్దడం ఫోన్లతో మొదలు కాలేదు. మన అమ్మల కాలంలో ఫోటో స్టూడియోలో టచింగ్ అని ఒక పని ఉండేది. ఫిల్ము నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీస్తే ఆ చోటు ప్రింటులో తెల్లగా వస్తుంది. ఆ కిటుకుతోనే ముడతలూ, అమ్మవారు పోసిన మచ్చలూ పూడ్చేవారు. ఇంటి గోడ మీద వేలాడే తాతయ్య ఫోటోకి కూడా టచింగ్ జరిగే ఉంటుంది. తాతయ్య మోసం చేశాడని ఎవరూ అనలేదు.

ఇక కెమెరా ఉంది. అది ఎవరి పక్షమూ వహించదని మనం నమ్ముతాం. 1950ల నుంచీ కొడాక్ కంపెనీ, రంగు ఫోటోలు కడిగే లేబొరేటరీలకు ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లజాతి యువతి బొమ్మ ఉండేది. ఆమె చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు లెక్క. దాన్ని షర్లీ కార్డు అనేవారు. నల్లని ముఖాలు ఆ లెక్కలో లేవు. అందుకే మనవంటి వాళ్ళ ముఖాలు ఎన్నో ఏళ్ళపాటు ఫోటోల్లో చీకటి ముద్దల్లా వచ్చాయి. ఈనాటి ఫోన్లలో చాలావాటికి మనం అడగకుండానే చర్మాన్ని నున్నగా చేసే గుణం ఉంది. 2020లో గూగుల్ కంపెనీ, తన పిక్సెల్ ఫోన్లలో ఈ దిద్దుబాటు మనం కోరుకుంటేనే పనిచేసేలా మారుస్తున్నామని ప్రకటించింది. అంటే, మనం వేలు పెట్టకముందే యంత్రం వేలు పెడుతోందన్నమాట. అలాంటప్పుడు "అసలు ముఖం" చూపించమని ఆడపిల్లను నిలదీయడంలో న్యాయం ఎంత?

అయితే ఆమె ఫోటోలో ఏం దిద్దుకుంటోందో గమనించండి. రంగు తేల్చుకుంటోంది. మన భాషలో "పిల్ల మంచి రంగు" అంటే తెలుపు అని అర్థం. "రంగు తక్కువ" అంటే నలుపు. నలుపు అసలు రంగే కాదన్నట్టు మాట్లాడతాం. దేవుణ్ణి నీలమేఘశ్యాముడని కొలుస్తాం, కడుపున పుట్టిన నల్లపిల్లకు మాత్రం పుట్టిన రోజు నుంచే కట్నం లెక్క మొదలుపెడతాం. రంగు తగ్గినకొద్దీ కట్నం పెరుగుతుంది. ఆడపిల్లకు వెల కట్టి అమ్మడం మీద గురజాడ రాసిన కన్యాశుల్కం 1892లో విజయనగరంలోనే ప్రదర్శించారు. ఆ శుల్కం పోయింది. వెల కట్టడం పోలేదు. లెక్క మాత్రం తిరగబడింది.

పలాస వైపు ఒక ఊరిలో జరిగిన సంగతి చెబుతాను. అక్కడి జీడి బట్టీల్లో మన ఆడవాళ్ళు ఎంత కష్టపడతారో మీకు తెలుసు. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ళు నల్లబడిపోతాయి. ఆ పనికి వెళ్ళే ఒక అమ్మాయికి సంబంధం చూస్తూ, తల్లి స్టూడియోకి తీసుకెళ్ళి ఫోటో తీయించింది. స్టూడియో అతను ఎవరూ అడగకుండానే ముఖం తెల్లగా చేశాడు, బుగ్గ మీది పుట్టుమచ్చ తీసేశాడు, చేతుల రంగు మార్చేశాడు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు ఆ పిల్ల ఎదుటే "ఫోటోలో పిల్ల ఏది?" అన్నారు. తల్లికీ కూతురికీ తలవంపులు. తరువాత ఆ అమ్మాయి నాతో అన్న మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. "నా మొకం బాగోనేదని నానెప్పుడూ అనుకోనేదప్పా. ఆ పోటో సూసినాక అనుకున్నాను."

వంద అబద్ధాలు ఆడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. పెళ్ళికొడుకు జీతం పెంచి చెబుతారు, అప్పులు దాస్తారు, తాగుడు దాస్తారు. దాన్ని ఎవరూ టచింగ్ అనరు. పిల్ల ఫోటోలో పుట్టుమచ్చ లేకపోతే మాత్రం మోసం అంటారు. పైగా ఆ మచ్చ తీసేసింది ఆ పిల్ల కాదు. ఆమెను ఎవరూ అడగనే లేదు.

మిత్రులారా, మన ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడే దొరికింది. ఫోటో దిద్దారా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఎవరి ముఖాన్ని ఎవరు దిద్దారు, ఆమె ఒప్పుకుందా, ఆ దిద్దుబాటు వల్ల నష్టం ఎవరికి అన్నవే అసలు ప్రశ్నలు.

తన ఫోటోను తాను సరదాకో, ధైర్యానికో దిద్దుకుని పెట్టుకుంటే అది ఆమె హక్కు. కాటుక పెట్టుకోవడం, పసుపు రాసుకోవడం వంటిదే అది. ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. ఇక్కడ మనం కొంచెం ఆత్మవిమర్శ చేసుకోవాలి. 1996లో బెంగుళూరులో ప్రపంచసుందరి పోటీలు జరిగినప్పుడు మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి. అది అందాల వ్యాపారం మీద పోరాటం, సరైన పోరాటం. కానీ రోజువారీ మాటల్లో మన కోపం కంపెనీని వదిలి, లిప్‌స్టిక్ వేసుకున్న పిల్ల మీదికి మళ్ళుతూ ఉంటుంది. అది అత్తగారి గొంతే తప్ప ఉద్యమం గొంతు కాదు.

అలాగని "నీ ఇష్టం" అని చేతులు దులుపుకోవడమూ చాలదు. ప్రతిసారీ రంగే తేల్చాలనిపించే ఇష్టం ఎక్కడ పుట్టింది? మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 1975లో వచ్చింది. నల్లపిల్లకు ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు అని చెప్పే దాని ప్రకటనల మీద ఐద్వా ఫిర్యాదులు చేసి, పోరాడి, 2003లో కొన్నింటిని ఆపించగలిగింది. నల్లగా ఉన్నవారిని తక్కువగా చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో ఆ క్రీము పేరులోంచి ఫెయిర్ అన్న మాట తీసేసి గ్లో అని పెట్టారు. పేరు మారింది గాని, ఇప్పుడు ఆ పనిని ఫోన్లోని ఫిల్టరు చేస్తోంది. అద్దంలోని ముఖాన్ని ఫిల్టరులోని ముఖంతో సరిపోల్చుకున్న పిల్ల మందుల దుకాణానికి వెళుతుంది. స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా 2018లో నిబంధన కఠినం చేశారు. అయినా అవి చేతికి అందుతూనే ఉన్నాయి. తెల్లబరిచే క్రీముల్లోని పాదరసం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న కేసులను 2023లో కేరళ వైద్యులు గుర్తించారు. అందుకే ఆ పిల్లను తిట్టకుండా ఈ సంగతులన్నీ పక్కన కూర్చుని చెప్పాలి.

ఇక రెండో సంగతి, అమ్మకం. విజయనగరం అమ్మాయి రేపు దుకాణం తెరుస్తుంది. అప్పుడు ఆ ఫోటో ఆమె సరదా కాదు, సరుకుకు నమూనా. మేకప్ వల్ల వచ్చిన మార్పు ఇది అని చూపిస్తూ, అందులో సగం ఫోన్ చేసిన పని అయితే, నష్టపోయేది అప్పు చేసి డబ్బు కట్టే ఇంకొక ఆడపిల్ల. అది తప్పు. ఇతర దేశాల చట్టాలు కూడా గీత ఇక్కడే గీశాయి. ఫ్రాన్సులో, మోడల్ శరీరాన్ని సన్నగానో లావుగానో మార్చిన వ్యాపార ఫోటో మీద ఆ సంగతి రాసి తీరాలన్న నిబంధన 2017 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. నార్వేలో 2022 జూలై నుంచి, శరీరం ఆకారాన్నో చర్మాన్నో మార్చిన ప్రకటనలన్నిటికీ గుర్తు తప్పనిసరి చేశారు. డబ్బు తీసుకుని సోషల్ మీడియాలో ప్రచారం చేసేవారికీ అది వర్తిస్తుంది. ఎవరి సొంత ఫోటో జోలికీ ఆ చట్టాలు పోలేదు. మన అమ్మాయి కూడా పని చూపించే ఫోటో దిద్దకుండా పెడితే చాలు. దిద్దితే ఆ ముక్క కింద రాస్తే చాలు. నిజానికి మచ్చ కనబడుతూ ఉంటేనే ఆమె చేతి పనితనం తెలుస్తుంది.

మూడోది అన్నిటికన్నా భయంకరమైనది. మన ఫోటోను మన అనుమతి లేకుండా వేరొకరు దిద్దడం. 2023 నవంబరులో సినీనటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొక స్త్రీ వీడియోకు అతికించి వదిలారు. ఆ ముఖం ఒకరిది, ఆ శరీరం ఇంకొకరిది, ఇద్దరినీ ఎవరూ అడగలేదు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు నిందితుణ్ణి అరెస్టు చేసింది మన గుంటూరు జిల్లాలోనే. పేరున్న నటి కాబట్టి దేశమంతా కదిలింది. మన ఊళ్ళలో రుణ యాప్‌ల ఏజెంట్లు బాకీ కోసం ఆడవాళ్ళ ఫోటోలు మార్ఫింగ్ చేసి చుట్టాలందరికీ పంపుతుంటే ఎవరు కదులుతున్నారు? ఇంట్లోవాళ్ళు మొదట అడిగేది "అసలు ఫోటో ఎందుకు పెట్టావు?" అనే. ఫోన్ లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు. నేరం చేసినవాడు హాయిగా ఉంటాడు.

అలాంటి కేసు మన దగ్గరికి వస్తే ఏం చేయాలో గుర్తుపెట్టుకోండి. భయంతో ఏదీ చెరపవద్దు. స్క్రీన్‌షాట్లు, నంబర్లు, లింకులు, తేదీలు దాచండి. డబ్బు అడిగితే కట్టవద్దు, ఒకసారి కడితే మళ్ళీ అడుగుతారు. ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జూలై నుంచి అమలులో ఉన్న కొత్త నేర ప్రక్రియ చట్టం ప్రకారం "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. సమాచార సాంకేతిక చట్టంలోని 66డి, 66ఇ, 67, 67ఎ సెక్షన్లు సందర్భాన్ని బట్టి వర్తిస్తాయి. బాధితురాలికి పద్దెనిమిదేళ్ళు నిండకపోతే పోక్సో చట్టం కూడా ఉంది. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయవచ్చు. 181కి ఫోన్ చేయవచ్చు, సఖి కేంద్రం సాయం తీసుకోవచ్చు. మార్ఫింగ్ చేసిన ఫోటోల మీద బాధితురాలే ఫిర్యాదు చేస్తే 24 గంటల లోపల చర్య తీసుకోవాలని 2021 నాటి నియమాలే సోషల్ మీడియా కంపెనీలకు గడువు పెట్టాయి. కాబట్టి కంపెనీకి కూడా వెంటనే రాయాలి. అన్నిటికన్నా ముందు ఆ అమ్మాయికి ఒక మాట చెప్పాలి. ఫోటో పెట్టడం నేరం కాదమ్మా, దాన్ని చెడగొట్టడమే నేరం.

చివరిగా మన సంగతి. సీతంపేట కొండల్లో ఒక సవర అక్క మన నివేదికలో తన ఫోటో చూసి, "ఆ రోజు నానెంతో నవ్వినాను గదా, ఏడుపు మొకం ఏసినారేటి?" అని అడిగింది. నిధులిచ్చేవాళ్ళకు జాలి కలగాలని నవ్వు ఫోటో పక్కన పెట్టి, దిగులు ఫోటో ఎంచుకున్నది మనమే. ఏ యాప్ వాడకపోయినా ఆమె ముఖాన్ని మనం దిద్దినట్టే. స్టూడియో అతను ఆ జీడి అమ్మాయికి చేసినదానికీ, మనం చేసినదానికీ తేడా ఏముంది? అతను పెళ్ళిబజారుకు తగ్గట్టు దిద్దాడు, మనం మన బజారుకు తగ్గట్టు దిద్దాం. ఇకమీదట మన పత్రికలో, నివేదికలో, కరపత్రంలో ఎవరి ఫోటో వేసినా ముందు ఆమెకు చూపించి, ఆమె ఒప్పుకున్నదే వేద్దాం. ఈ తీర్మానం ఈ రోజే చేయాలని కోరుతున్నాను.

ఆ విజయనగరం అమ్మాయి ఈ రోజు మన మధ్యే ఉంది. అమ్మా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నీ కోసం పెట్టుకునే ఫోటో నీ ఇష్టం వచ్చినట్టు దిద్దుకో. ఇంకొక ఆడపిల్ల దగ్గర డబ్బు తీసుకునే ఫోటో దిద్దకు. అవతలివాళ్ళ ఫోటో వాళ్ళను అడగకుండా ముట్టుకోకు. నీ ఫోటో ఎవరైనా చెడగొడితే, ఏ రాత్రయినా సరే, మా తలుపు తట్టు. ఇంకొక్క మాట. ఎప్పుడైనా ఒక రోజు దిద్దకుండా కూడా పెట్టి చూడు. నీ దగ్గర మేకప్ చేయించుకోవడానికి వచ్చే నల్లపిల్లలు ఆ ఫోటో కోసమే ఎదురు చూస్తున్నారేమో.