గోడమీది కప్ప వేళ్ళు

వానలు మొదలైతే తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట వైపు ఇళ్ళల్లోకి ఒక అతిథి వస్తుంది. స్నానాలగది గోడకో, నీళ్ళతొట్టి వెనకో, కిటికీ అద్దానికో అతుక్కుని కదలకుండా కూర్చుంటుంది. మనం చెట్టుకప్ప అంటాం. తమిళంలో మడిలోని కప్ప తవళై. ఈ గోడకప్పనేమో చాలామంది తేరై అంటారు. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే కదా, మన పిల్లల నోట రెండు పేర్లూ పలుకుతాయి.

పేరుతోపాటు నిందా వచ్చింది. టెంకాయ పగలగొడితే లోపల కొబ్బరి లేకపోతే 'తేరై మూచూసింది' అంటారు. పాపం, టెంకాయ పెంకు ఎక్కడ, ఈ మెత్తటి ప్రాణి ఎక్కడ! పూత సరిగా ఫలదీకరణం కాకపోయినా, చెట్టుకు పోషకాలు చాలకపోయినా కాయ గుల్ల అవుతుంది. ఈ నింద మూలంగానే చాలా ఇళ్ళల్లో కప్ప కనబడగానే పొరక లేస్తుంది. ఆ పొరక ఎత్తబోయేవారికి దాని వేళ్ళ సంగతి చెప్పాలని ఈ ప్రసంగం.

మన సైన్సు పుస్తకాల్లో, ప్రయోగశాల గాజుపెట్టెల్లో ఉండేది వేరే కప్ప, మడిలో బెకబెకమనే బోదురుకప్ప. దాని అస్థిపంజరం చూసినవారికి గుర్తుండే ఉంటుంది. వెన్నులో తొమ్మిదే పూసలు, ఆ వెనక తోక ఎముకలన్నీ ఒకటైపోయిన పుల్లలాంటి ఎముక. పక్కటెముకలు లేవు. అందుకే గొంతు ఎగరేసి గాలి మింగుతుంది. మన మడమ దగ్గర పొట్టిగా ఉండే రెండు ఎముకలు కప్ప కాల్లో రెండు కడ్డీల్లా సాగాయి. దాంతో కాలికి ఇంకొక మడత వచ్చింది, దూకుడుకు బలం వచ్చింది. ఆ కాళ్ళకోసమే వీటిని లక్షలుగా పట్టి విదేశాలకు పంపేవారు. 1987లో ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. కాలేజీల్లో జంతువుల్ని కోసే పద్ధతిని 2014లో యూజీసీ ఆపమంది. మంచిదే అంటాను నేను. ఎముకలు లెక్కపెట్టడానికి ఏటా అన్ని కప్పల్ని చంపనక్కర్లేదు.

అయితే బోదురుకప్ప వేలిలో లేని ఒక ముక్క మన గోడకప్ప వేలిలో ఉంది. మీ చూపుడువేలు చూసుకోండి. చివరి ఎముక, దాని వెనక ఎముక నేరుగా కీలు కలుస్తాయి. గోడకప్పలో ఆ రెంటికీ నడుమ చిన్న ముక్క ఒకటి అదనంగా ఇమిడి ఉంటుంది. కొన్ని జాతుల్లో అది మృదులాస్థి, కొన్నింట్లో గట్టిపడి ఎముకే అవుతుంది. అంటే ఒక కీలు ఉండవలసిన చోట రెండు కీళ్ళు. వేలి చివరి ఎముక పంగలకర్రలా చీలి ఉంటుంది, దాని కిందే గుండ్రని మెత్త.

మెత్త మీద సన్నటి కాలవల్లో జిగురుతడి పారుతుంది. రెండు తడి గాజు పలకలు అతుక్కున్నట్టు గోడకు అతుక్కుంటుంది. కానీ మెత్త గోడకు చదునుగా ఆనాలి కదా! కప్ప నిక్కినా, వంగినా, తలకిందులైనా వేలు ఏ కోణంలో ఉన్నా మెత్తను చదునుగా ఆనించే వెసులుబాటు ఆ నడిమి ముక్క ఇస్తుంది. అడుగు తీసేటప్పుడు మెత్తను వెనకనుంచి ముందుకు, స్టాంపు ఒలిచినట్టు ఊడదీసుకుంటుంది. ఇంకో వింత ఏమంటే, అమెరికా ఖండాల చెట్టుకప్పల్లోనూ ఈ ముక్క ఉంది. వాటికీ మనవాటికీ దగ్గరి చుట్టరికం లేదు. చెట్టెక్కే అవసరం ఒకటే, ఉపాయం రెండు చోట్ల విడివిడిగా పుట్టింది.

చూడాలనుంటే చెయ్యి తడుపుకుని మెల్లగా పట్టి, వెడల్పు మూతి గాజుసీసాలో కాసేపు ఉంచండి. అది సీసా గోడ ఎక్కుతుంది. బయటనుంచి భూతద్దం పెట్టి పిల్లలచేత చూపించండి. మెత్తలు అద్దానికి ఎలా పరుచుకుంటాయో, వేలు వంగినా అవి ఎలా కదలవో తెలుస్తుంది. అది కరవదు. మళ్ళీ పట్టిన గోడ దగ్గరే వదిలి చేతులు కడుక్కోండి. రాత్రికి బొద్దింకల పని అది చూసుకుంటుంది. నాలుగు రోజుల తరవాత తొట్టి అంచున తెల్లటి నురగ ముద్ద కనిపిస్తే సబ్బు నురగనుకుని కడిగేయకండి. అవి దాని గుడ్లు.