చేతిపనికి తగిన పేరు
(చోడవరమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభయందు మన చేతిపనుల విక్రయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు నన్ను నియోగించిరి. ఉలిని గాని, సమ్మెటను గాని, త్రాసును గాని పట్టనివాడు విక్రయమును గూర్చి యేమి చెప్పగలడని మీరు శంకింపవచ్చును. ఆ శంక న్యాయమైనదే. కాని నేడు మన వస్తువు అమ్ముడగుటయు, మూలబడియుండుటయు పెక్కుపట్టుల నొక్క పదముపై నాధారపడియున్నవి. పదవిచారము పంతులకు వృత్తిధర్మము గావున సాహసించుచున్నాను.

అనకాపల్లి బెల్లపు మార్కెట్టున కొనువాడు దిమ్మను కన్నులార చూచును, కొంచెము త్రుంచి నోట వేసికొనును, పిదప బేరమాడును. తీర్థములలో లక్కబొమ్మను కొను తల్లి దానిని బిడ్డ చేతికిచ్చి చూచును. అచ్చట వస్తువే తన గుణమును తాను చెప్పుకొనును. ఆన్‌లైను అంగడిలో నట్లు గాదు. కొనువాడు మొట్టమొదట నొక గడిలో నొకటి రెండు మాటలు వ్రాయును. ఆ మాటలు మన వస్తువునకు మనము తగిలించిన మాటలలో నున్నచో వస్తువు వాని కంటబడును. లేనిచో నెంత చక్కని పనితనమైనను చీకటి గదిలోని విగ్రహమువలె నుండును. ఇట్లు వస్తువునకు తగిలించు మాటలనే ట్యాగులందురు.

2005 సంవత్సరమున అమెరికాయందలి బ్రూక్లిన్‌లో ప్రారంభింపబడిన ఎట్సీ యను ఆన్‌లైను అంగడి చేతిపనులకు ప్రసిద్ధమైనది. అందు ఒక్కొక్క వస్తువునకు 13 ట్యాగులు మాత్రమే పెట్టనిత్తురు. ఒక్కొక్క ట్యాగు ఖాళీలతో గూడ 20 అక్షరములకు మించరాదు. 'వుడెన్ కిచెన్ సెట్' అని ఆంగ్లాక్షరములలో వ్రాసిన 18 అక్షరములగును, అది చెల్లును. దానికి ముందు 'హ్యాండ్‌మేడ్' అని చేర్చితిమా, 27 అక్షరములై తిరస్కరింపబడును. కావున నచ్చట మాటలను బంగారమువలె తూచి వాడవలయును.

ఆ యంగడి యంత్రము చేయు పని రెండు విధములు. కొనువాడు వ్రాసిన మాటలను మన శీర్షికతోను, ట్యాగులతోను, మనము చూపిన వర్గముతోను, రంగు మొదలగు లక్షణములతోను సరిపోల్చుట మొదటిది. సరిపోయిన వేల వస్తువులలో నేది ముందు చూపవలయు, నేది వెనుక చూపవలయునని నిర్ణయించుట రెండవది. ఈ రెండవ పనియందు ఛాయాచిత్రమును, జనుల యాదరణమును, పంపించు ఖర్చును లెక్కకు వచ్చును. పదము తొలి ద్వారము మాత్రమే. కాని తొలి ద్వారమే తెరువబడనిచో లోపలి యలంకారము లెవరి కొఱకు?

సంస్కృతము చదివిన మన పెద్దలు బాల్యముననే అమరకోశమును కంఠస్థము చేసిరి. మూడు కాండములలో అమరసింహుడు చేసిన మహోపకార మేమి? ఒక్కొక్క వస్తువునకు గల పర్యాయపదముల నొక్కచోట కూర్చుట. ట్యాగులు వ్రాయువాడును తన వస్తువునకొక చిన్న నిఘంటువును రచించుచున్నాడు. భేద మొక్కటియే. అమరసింహుడు గ్రంథములయందలి వాడుకను చూచెను. మనము కొనువాని నాలుకపై నాడు మాటను చూడవలయును.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. మన జిల్లాలోనే వరాహనదీతీరమున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి పనివారు అంకుడు కొయ్యను తరిమెనపై త్రిప్పి, ఆకులు, బెరళ్లు, వేళ్లు, గింజల నుండి తీసిన రంగులను లక్కతో కలిపి, తిరుగుచున్న కొయ్యకు రాపిడి వేడిమిచే పట్టించెదరు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక లభించెను. ఆ గ్రామ కళాపునరుద్ధరణమునకు కృషిచేసిన శ్రీ సి.వి. రాజుగారిని 2023లో పద్మశ్రీ వరించెను. 2025 గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రశకటముపై నా బొమ్మలే యూరేగెను. ఇంత కీర్తి గలిగినను, ఏటికొప్పాక యను పేరెరిగినవాడే యా పేరుతో వెదకును. ఎరుగనివాడు మఱియొక మాట వ్రాయును.

అదే గ్రామమున చేయు లక్కపిడతలను చూడుడు. మనము లక్కపిడతలనిన దానిని తమిళులు చొప్పు సామాననియు, మహారాష్ట్రులు భాతుకలీ యనియు నందురు. మన బొంగరము హిందీవారికి లట్టూ, తమిళులకు పంబరం, కన్నడిగులకు బుగురి. మన కుంకుమభరిణెను ఉత్తరదేశపు గృహిణి సిందూర్‌దానీ యని వెదకును. మన బొమ్మలకొలువు తమిళదేశమున గొలు. వస్తువొక్కటియే, పిలుపులు వేరు. భరిణె చేసినవాడు 'భరిణె' యని మాత్రమే వ్రాసి కూర్చున్నచో, నాగపురమునందలి యిల్లాలు డబ్బు చేతబట్టుకొని వాని గుమ్మము ముందు నుండియే వెడలిపోవును.

అయినచో తోచిన మాటలన్నియు వ్రాయవచ్చునా? కూడదు. తర్కశాస్త్రమున లక్షణమునకు మూడు దోషములు చెప్పబడినవి: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము. కపిలవర్ణము గలది గోవనిన, తెల్లయావు విడిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది గోవనిన, గేదెయు వచ్చి చేరును, ఇది అతివ్యాప్తి. ఒంటిగిట్ట గలది గోవనిన, ఏ గోవునకును పట్టదు, ఇది అసంభవము. ట్యాగునకును సరిగా నీ మూడే దోషములు.

'అంకుడు', 'తరిమెనపని' యనునవి పనివాని మాటలు. వీనితో వెదకువారు మిక్కిలి కొలదిమంది. ఇవియే వ్రాసి యూరకుండుట అవ్యాప్తి. 'బొమ్మ', 'కానుక', 'ఇండియన్' అను నొంటి మాటలు అతివ్యాప్తములు. లక్షల వస్తువుల కా మాట తగిలియుండగా, సముద్రమున వేసిన ఉంగరమువలె మన వస్తువు కానరాదు. కావున రెండు మూడు మాటలు కలిసిన పదబంధము మేలు. పదార్థమును వస్తువును కలిపి 'కొయ్య గిలక' యనుట, వస్తువును సందర్భమును కలిపి 'కొలువు బొమ్మ' యనుట, గ్రహీతను కలిపి 'పసిబిడ్డకు కానుక' యనుట ఇందుకు మార్గములు. వీనిని కొనువాని భాషలో వ్రాయవలయును.

అసంభవము తక్కిన రెండిటికంటె ఘోరమైనది. ఇత్తడి విగ్రహమునకు 'పంచలోహము' అని వ్రాయుట, రసాయనపు రంగు పూసి 'ప్రకృతి వర్ణము' అనుట, ముద్ర లేని నగకు 'హాల్‌మార్కు' తగిలించుట, ఎక్కడనో యంత్రముపై చేసినదానికి 'ఏటికొప్పాక' యని పేరిడుట ఈ కోవలోనివి. మొదటి రెండు దోషములవలన గిరాకి పోవును. దీనివలన పరువు పోవును. భౌగోళిక సూచికల చట్టము 1999లో చేయబడి 2003 సెప్టెంబరు 15 నుండి యమలులోనికి వచ్చినది. ఊరిపేరు ఆ యూరి పనివారందరి యుమ్మడి యాస్తియని యా చట్టముయొక్క తాత్పర్యము. శిల్పశాస్త్రమున కొలత తప్పిన విగ్రహమును పూజకు తగదందురు. మాట తప్పిన వస్తువును నట్టిదే.

ఇక 13 ట్యాగులను పంచుకొను విధము. కుంకుమభరిణెనే తీసికొందము. వేర్వేరు భాషలవారి పిలుపులకు నాలుగు, పదార్థమునకు, పనితీరునకు రెండు, పెండ్లి, గృహప్రవేశము మొదలగు సందర్భములకు రెండు, ఎవరికీయదగునో చెప్పుటకు రెండు, రంగునకు, రూపమునకు రెండు, ప్రాంతమునకొకటి. వర్గముగా నిదివఱకే చూపిన మాటను మరల ట్యాగుగా వ్రాయుట వృథా. ఏకవచన బహువచనములకు వేర్వేరు ట్యాగులు కూడ నచ్చట నవసరము లేదు. ప్రాంతనామమున నొక్క మెలకువ యవసరము. మన చోడవరము 2022 ఏప్రిల్ 4 నుండి అనకాపల్లి జిల్లాలోనిది. అయినను దూరదేశస్థుడు పూర్వపు జిల్లాకు ముఖ్యపట్టణమైన విశాఖపట్టణమునే యెరుగును, వైజాగని వ్రాయును. వర్ణనలో గ్రామమును, జిల్లాను ఉన్నదున్నట్లు చెప్పి, ట్యాగున విశాఖప్రాంతమని సూచించినచో సత్యమునకు హాని లేదు.

కొనువాని మాట మనకెట్లు తెలియును? అంగడి గడిలో రెండక్షరములు వ్రాసి యాగుడు; జనులు తఱచుగా వెదకు మాటలను యంత్రమే చూపును. దుకాణపు లెక్కలలో నే మాటద్వారా యెందరు వచ్చిరో కనబడును. బెంగుళూరునందును, అమెరికాయందును నున్న మన యాడపడుచులను, 'అమ్మా, దీనిని మీ యిరుగుపొరుగువా రేమందురు?' అని యడుగుడు. కొన్ని నెలలు చూచి యెవరిని తేని ట్యాగును మార్చుడు. అన్నిటి నొక్కమారే మార్చితిరేని దేనివలన లాభము కలిగెనో తెలియదు.

ఇచ్చట నొక యాక్షేపము కలదు. 'మన తండ్రులు పెట్టిన పేరు విడిచి పరుల మాట తగిలించుకొనుట మనకు గౌరవమా?' యని వృద్ధులు కొంద రడుగుచున్నారు. ఈ బాధ నాకును కలదు. మచిలీపట్టణపు అద్దకమును, శ్రీకాళహస్తి వ్రాతపనిని లోకము నేడు కలంకారీ యనుచున్నది. కలంకారీ పారసీక పదము. పోచంపల్లి చీరపనిని ఇకత్ అందురు. అది మలయా భాషలోని మాట. ఆ పేర్లవలన మన వస్తువు లోకమంతట వ్యాపించెను గాని, మన మాట వెనుకబడెను. నాడు పేరు పెట్టు సాధనము వర్తకుల చేతనుండెను. నేడది పనివాని చేతికి వచ్చినది. శీర్షికలో 'భరిణె' యనియే వ్రాయుడు. ట్యాగులలో సిందూర్‌దానీ యనియు చేర్చుడు. పరుల మాట పట్టుకొని లోనికి వచ్చినవాడు మన మాట నేర్చుకొని వెడలును. కొనువాడు, చేసినవాడు ఒక్క పత్రముపై కలిసికొను నిట్టి యవకాశము మన తాతలకు లేకపోయెను.

దీనిని మన ముపేక్షించితిమా, దళారి మన వద్ద తక్కువ వెలకు కొని, తాను పేరు పెట్టి, తన దుకాణమున నెక్కువ వెలకు విక్రయించును. పనితనము మనది, పేరు వానిది. కొలిమి చల్లారెనని, బాడిస తుప్పుపట్టెనని, పిల్లలు కూలికి పట్టణములకు వలసపోవుచున్నారని మనము ప్రతిసభయందును విచారించుచున్నాము. ఆ విచారమునకు గల కారణములలో నిదియు నొకటి.

2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మజయంతినాడు, కేంద్రప్రభుత్వము పి.ఎం. విశ్వకర్మ పథకమును ప్రారంభించెను. అందు 18 వృత్తులు చేర్చబడినవి. వడ్రంగము, కమ్మరము, స్వర్ణకారము, శిల్పము, బొమ్మల తయారీ అందులోనివే. పనిముట్లకు 15,000 రూపాయల వఱకు సాయమును, శిక్షణమును, హామీ యక్కరలేని ఋణమును, విక్రయసహాయమును నందు కలవు. అర్హులైనవారెల్లరు దానిని పొందవలయును. అయినను మన భరిణెకు, మన గిలకకు తగిన పేరు చెప్పవలసినవారము మనమే.

కావున సంఘమునకొక మనవి చేయుచున్నాను. మన పంచవృత్తులవారు చేయు వస్తువుల కన్నిటికి తెలుగు, తమిళ, కన్నడ, హిందీ, ఆంగ్ల నామములతో నొక పట్టికను సిద్ధము చేయింపుడు. పనివారు వస్తువును చూపుదురు. చదువుకొన్న కొడుకులు, కూతుండ్రు మాటను వెదకుదురు. అక్షరదోషములు దిద్దుటకు నావంటి వృద్ధులు కలరు. పోషకులు పెద్దమనసుతో సంఘకార్యాలయమున నొక కంప్యూటరును, ఛాయాచిత్రములు తీయు సామగ్రిని ఏర్పరచినచో, వారమునకొక సాయంకాలము తండ్రియు బిడ్డయు కలిసి కూర్చుండి తమ వస్తువులను ఎక్కింపగలరు. రాబోవు మహాసభనాటికి ఎన్ని వస్తువులకు పేర్లు పెట్టితిమో, ఏ పేరు ఎవరిని తెచ్చెనో లెక్క చెప్పుకొందము.

శబ్దార్థములు విడదీయరానివని మన పెద్దల మతము. అర్థమును, అనగా వస్తువును, చేయుటయందు మన కులము ప్రవీణమైనది. తగిన శబ్దమును కూడ దానికి జతచేయుదము. విరాడ్విశ్వకర్మ భగవానుడు మన చేతులకు నేర్పును, మన మాటలకు సత్యమును ప్రసాదించుగాక!