తూము దాకా వెళ్ళిన బండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ బడిలోనే చదివి, ఈ బడిలోనే ఫిజిక్స్ చెబుతున్నవాణ్ణి. మా పిల్లలు చేసిన నీటి బండి గురించి చెప్పమన్నారు. అది తయారవుతున్నప్పుడు ఊళ్ళో ఒక పెద్దాయన, "తాగేకే నీళ్ళు లేవు, నీళ్ళలో తిరిగే బండి ఎందుకప్పా?" అన్నాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఆ మాట అనడంలో తప్పు లేదు. కానీ వాన తక్కువ కాబట్టే కదా, మన పెద్దలు ఊరూరా చెరువులు కట్టించింది! అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు విజయనగర రాజుల నాటిది.

మా నాయన చెరువుకు నీరుగంటి. తూము పూడుకుపోతే నడుముకు మోకు కట్టుకుని మునిగేవాడు. కట్ట మీద మా అమ్మ మోకు పట్టుకుని నిలబడేది. ఒకసారి అడుగున కంపలో ఆయన చెయ్యి ఇరుక్కుంది. ఎలాగో బయటపడ్డాడు గానీ, మళ్ళీ ఎప్పుడూ మునగలేదు. పీడనం పాఠంలో ఈ సంగతి చెబితే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, బోరులోకి కెమెరా దించుతారు కదా, తూము దగ్గరికీ దించొచ్చు కదా?" అంది.

బోరు కెమెరా నిటారుగా దిగుతుంది, అంతే. మాకు ముందుకూ పక్కలకూ కదిలేది కావాలి. అమెరికాలో ఎం.ఐ.టి. వాళ్ళు 2003లో బడిపిల్లల కోసం మొదలుపెట్టిన సీపెర్చ్ మాకు దారి చూపింది. పి.వి.సి. పైపులతో చట్రం, మూడు చిన్న మోటార్లు, బైకు బ్యాటరీ, కారు వెనక బిగించే కెమెరా, ఒడ్డున స్విచ్చుల పెట్టె. నీళ్ళు చొరబడకుండా మోటార్లను మాత్రల డబ్బాల్లో పెట్టి మైనం పోశాం.

బడి తొట్టిలో చక్కగా తేలింది. బావిలో అయిదు మీటర్లు దించేసరికి రాయిలా మునిగింది. తేలడానికి కట్టిన ఖాళీ నీళ్ళ సీసాలు నొక్కుకుపోయాయి. ఆ లోతులో పీడనం పైకంటే ఒకటిన్నర రెట్లు. సీసాలోని గాలి మూడింట రెండు వంతులకు కుంచించుకుపోతుంది. నేను బోర్డు మీద పదేళ్ళుగా రాస్తున్న బాయిల్ సూత్రం పిల్లలకు ఆ రోజు కళ్ళకు కనిపించింది. సీసాలు తీసేసి, రెండు వైపులా మూతలు బిగించిన గట్టి పైపులు కట్టారు.

చెరువు నిండిన ఏడు తూము దగ్గరికి పంపాం. ఎర్రనీళ్ళలో జానెడు దూరమే కనబడింది. చివరికి తూము నోట్లో అడ్డంపడిన కంపమొద్దు తెర మీదికి వచ్చింది. పిల్లల కేకలు కట్ట అవతలికి వినబడ్డాయి. తిరిగి లాగబోతే వైరు అదే కంపకు చుట్టుకుంది. బండి రాలేదు.

అప్పుడు ఒక పిల్లాడు చొక్కా విప్పేశాడు. "నాకు ఈత వచ్చు సార్, ఒక్క నిమిషం" అన్నాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. "ఏ మనిషీ దిగకూడదనే కదా అబ్బయ్యా, దీన్ని చేసింది. పోతే పోనీ, ఇంకొకటి చేసుకుందాం" అన్నాను. ఆర్నెల్ల శ్రమ నీళ్ళలో వదిలేసి ఇంటికొచ్చాం. దారిలో ఎవరూ మాట్లాడలేదు.

ఎండాకాలం చెరువు ఎండింది. నడుచుకుంటూ వెళ్ళి బండిని తెచ్చుకున్నాం, మొద్దునూ తీసేశాం. మన కరువు మాకు చేసిన మేలు అదొక్కటే!

చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి రోసబ్ 6000 యంత్రం 2010లో 5,289 మీటర్ల లోతుకు దిగింది. మాది చెరువు అడుగు దాకా దిగింది. రెండింటి పనీ ఒకటే, మనిషి దిగలేని చోటికి వెళ్ళి చూసి రావడం.

మిత్రులారా, మీ ఇళ్ళల్లో పాత మోటార్లు, వైర్లు, పాడైన కెమెరాలు ఉంటే బడికి పంపండి. రెండో బండి మొదలుపెట్టాం. సెలవు.