లెక్కలో లేని లెక్క

(గ్రామస్థాయి మహిళా కార్యకర్తల సమావేశంలో అనంతపురం జిల్లా పల్లె నుంచి వచ్చిన ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



గ్రామీణ స్త్రీల ఆర్థిక హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నాలుగు కాగితాలు రాసుకుని వచ్చాను. కానీ పొద్దున టిఫిన్ల దగ్గర కోస్తా నుంచి వచ్చిన ఒక చెల్లెలు, "మీ వాళ్లు డబ్బుని లెక్క అంటారేమండీ?" అని అడిగింది. అవును, మా సీమలో డబ్బంటే లెక్కే. "లెక్క ఉండాదా?" అంటాం. "లెక్క యాడ తెచ్చేది?" అంటాం. ఆ పిల్లకు నవ్వొచ్చింది. నాకు మా జేజి గుర్తొచ్చింది. అందుకని ఆ కాగితాలు పక్కన పెట్టేస్తున్నాను. నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు.

మా జేజికి సంవత్సరాలు తెలియవు. కరువులే ఆమె క్యాలెండరు. ఎవరు ఎప్పుడు పుట్టారంటే "గంజి కరువుకు ముందు", "గంజి కరువు పోయినాక" అని చెప్పేది. అది 1952 నాటి కరువు. ప్రభుత్వం రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచింది. అప్పటికి మా నాయన చంకలో పిల్లోడు. వరుసలో నిలబెట్టి తలకింత అని గరిటెతో పోసేవాళ్లంట. "ఆ పొద్దు నన్ను గూడా ఒక తల కింద లెక్కపెట్నారే" అని చెప్పేది జేజి. ఆ తర్వాత ఆమె యాభై ఏళ్లు పొలంలో చాకిరీ చేసింది. ఏ రిజిస్టరులోనూ ఆమె పేరు లేదు. భూమి మా తాత పేరున ఉండేది, ఆ తర్వాత మా నాయన పేరున.

మా నేల సంగతి మీకు తెలిసిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అది కూడా ఎప్పుడు పడుతుందో తెలియదు. జేజి కాలంలో కొర్ర, సజ్జ, ఆరిక, జొన్న పండేవి. ఆ గింజలు ఇంటికొచ్చి గాదెలో పడేవి. గాదె ఆడదాని చేతిలో ఉండేది. ఎంత దంచాలి, ఎంత దాచాలి, పక్కింటికి ఎంత బదులివ్వాలి అనేది ఆమె ఇష్టం. తర్వాత ఊరంతా శనక్కాయ అయింది. మేం బుడ్డలంటాం. బుడ్డలు మండీకి పోతాయి, అక్కడి నుంచి లెక్క మగవాళ్ల జేబుకొస్తుంది. పంట మారింది, ధర వచ్చింది అని అందరూ అన్నారు. గాదె తాళం మా అమ్మ చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో ఎవరూ చూడలేదు. ఆ పూట సంగటికి రాగులు కొనాలన్నా మా అమ్మ చెయ్యి చాచాల్సిందే.

నేను చూసిన మా అమ్మ సంపాదన విత్తనాల కాలంలోది. పదును వాన పడకముందే విత్తనానికి బుడ్డలు ఒలవాలి. పెద్ద రైతు పంచలో మూటలు విప్పి కుప్ప పోసేవాళ్లు, ఆడవాళ్లం చుట్టూ కూర్చునేవాళ్లం. స్కూలు నుంచి వచ్చి నేనూ కూర్చునేదాన్ని. మూడో రోజుకు బొటనవేలు వాచేది. గింజ చీలితే విత్తనానికి పనికిరాదు కాబట్టి తిట్లు పడేవి. సాయంత్రం కొలత ఉండేది. గింజలను పడితో కొలిచి, పడికింత అని కూలి. కొలిచేటప్పుడు మన పెద్దవాళ్లు "ఒకటి" అనరు కదా. "లాభం" అంటారు. లాభం, రెండు, మూడు... అలా పోతుంది. అన్నీ కొలిచినాక "కొసరు" అని ఒక దోసెడు రైతు వైపుకే తోసేవాళ్లు. ఆ కొసరుకు మాత్రం కూలి లేదు.

పొద్దంతా పాటలే. ఒకామె ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. పురాణం పాటలూ ఉండేవి గానీ, మధ్యాహ్నం దాటిందంటే సొంత కట్టుబడి మొదలయ్యేది. ఎవరి మొగుడు కొట్టాడో, ఎవరి బోరు ఎండిందో, ఎవరు పుట్టింటికి పోయి రాలేదో అన్నీ పాటలోకి వచ్చేవి. కొలిచేవాడి చెయ్యి ఎంత పెద్దదో కూడా వచ్చేది. వాడు అక్కడే నిలబడి వినేవాడు, ఏం చేస్తాడు, పాట కదా! కొసరు మాత్రం తగ్గలేదనుకోండి.

ఆడవాళ్లకు వార్తలు తెలిసేది ఆ పాటల్లోనే. అసలు వార్తలు రచ్చకట్ట మీద ఉండేవి. కడపలో 1963లో రేడియో స్టేషను వచ్చింది. మా ఊళ్లో పంచాయతీ రేడియోకు మైకు కట్టి సాయంత్రం పెట్టేవాళ్లు. రచ్చకట్ట మీద ఆడవాళ్లు కూర్చోకూడదు. బావి దగ్గర బిందె పెట్టుకుని, గాలి ఇటు వీస్తే వినేవాళ్లం. ధరలు చెప్పేవాళ్లు, పురుగుమందులు చెప్పేవాళ్లు. ఆ మాటల్లో రైతులంతా సోదరులే. ఒకరోజు జానపద గేయాలు వచ్చాయి. మా అమ్మ బిందె దించి, "ఇవి మన పాటలే గదే. పాడినోళ్లకు లెక్క ఇచ్చింటారంటావా?" అని అడిగింది.

ఒలిచిన కూలిలో కొంత మా అమ్మ సజ్జల కుండలో దాచేది. అది నాయన కంటపడినప్పుడు "దొంగలెక్క" అన్నాడు. ఎవరి వేళ్లు వాచి వచ్చిన డబ్బు అది? ఆ దొంగలెక్కతోనే నేను పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాను.

2006 ఫిబ్రవరి 2న మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. దాని మంచిచెడ్డల గురించి ఇక్కడ చాలామంది నాకంటే బాగా మాట్లాడగలరు. నేను చూసింది మాత్రం చెబుతాను. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చినా, మా ఊళ్లో మగ కూలి, ఆడ కూలి అని రెండు రేట్లు ఎప్పుడూ ఉండేవి. మట్టి పనిలో మొదటిసారి ఒకే రేటు విన్నాం. మస్టరులో మా అమ్మ పేరు రాశారు. పోస్టాఫీసులో ఖాతా తెరిచారు. అరవై దాటినాక, ఆమెకు తన పేరున్న పుస్తకం ఒకటి వచ్చింది.

పుస్తకం అమ్మది, అది ఉండే జేబు మా అన్నది. వేలిముద్ర వేయించి లెక్క తనే ఎంచుకుని, ఆమెకు ఆకువక్కకు ఇచ్చేవాడు. అప్పటికి నేను సంఘాల్లో తిరుగుతూ ఊరూరా హక్కుల గురించి చెబుతున్నాను. మా ఇంట్లో మాత్రం నోరెత్తలేదు. అన్నతో గొడవెందుకు, పండక్కి పిలవకపోతే ఎలా అని ఊరుకున్నాను. 1986లో మన రాష్ట్రంలో కూతుళ్లకు ఆస్తిలో సమాన హక్కు చట్టం వచ్చిందని పాఠం చెప్పేదాన్నే, పసుపు కుంకుమ కింద చీర తీసుకుని నా భాగం వదులుకుంటూ సంతకం పెట్టాను. ఈ మాట చెప్పకుండా మిగతాది చెప్పడం బాగుండదు.

ఇక మా పక్కింటి అక్క సంగతి. పేరు చెప్పను, ఆమె వద్దంది. వాళ్లకు సొంత భూమి లేదు. ఆరెకరాలు గుత్తకు చేసేవాళ్లు. గుత్తంటే నోటిమాట, కాగితం ఉండదు. రెండేళ్లు వరసగా బుడ్డలు పోయాయి. ఒక తెల్లవారుజామున ఆయన పురుగుమందు తాగాడు. మర్నాడు పేపరు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చాయి. "మృతుడికి భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు" అన్నది ఆఖరి లైను. ఇలాంటి వార్తలు మీరూ వందలు చదివి ఉంటారు. ఆ భార్యకు పేరుండదు. ఆమె కూడా ఆ పొలం విత్తింది, కలుపు తీసింది, కమ్మలు తాకట్టు పెట్టింది. ఆయన రైతు, ఆమె రైతు భార్య.

2004 జూన్‌లో వచ్చిన 421 నంబరు జీవో ప్రకారం అలాంటి కుటుంబానికి లక్షన్నర ఇవ్వాలి. లక్ష కుటుంబానికి, యాభై వేలు అప్పుల పరిష్కారానికి. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, పాసుపుస్తకం, అప్పు కాగితాలు అన్నీ కావాలి. నేనూ ఆమె వెంట తిరిగాను. ఒక ఆఫీసులో, "రైతేనని ఆధారమేముంది? అప్పులెంత?" అని అడిగారు. కాగితాలు లేవు. ఆమె నిలబడి, ఎవరి దగ్గర ఎంత, ఏ నెలలో, నూటికి ఎంత వడ్డీకి, విత్తనానికా మందుకా అని అన్నీ నోటితో అప్పజెప్పడం మొదలుపెట్టింది. వేళ్లు మడుస్తూ, బుడ్డలు కొలిచిన అలవాటున "లాభం" అనేసింది. అని ఆగిపోయింది. నా వైపు తిరిగి, "దీన్ని లాభం అనాల్నా అక్కా?" అంది.

ఆ గుమాస్తా కూడా తలెత్తలేదు. ఫైలు మాత్రం "గుత్తకు ఆధారం లేదు" అని తిరిగొచ్చింది. అప్పులవాళ్లకు ఏ ఆధారమూ అక్కర్లేకపోయింది. పదకొండో రోజునే వచ్చి, ఇక నువ్వే కట్టాలన్నారు. ఆ అప్పుల దగ్గర మాత్రం ఆమెకు వారసత్వం వెంటనే దక్కింది.

తర్వాత పరిహారం 2015లో అయిదు లక్షలకు, 2019లో ఏడు లక్షలకు పెంచారు. కౌలుదార్లకు 2011లో ఒక చట్టం, 2019లో ఇంకొకటి వచ్చాయి. 2019 చట్టంలో కార్డుకు భూయజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందని యజమానికి భయం, గట్టిగా అడిగితే గుత్త పోతుందని కౌలుదారుకు భయం. ఇక కార్డు ఆడవాళ్ల పేరున అడిగితే, "మొగోడు లేడా?" అంటారు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. మనం నిజనిర్ధారణకు పోయేది చావు జరిగినాక. అప్పుడు ఆధారాలు వెతుకుతాం. ఏరువాకకే ఎందుకు పోకూడదు? ఏ పొలం ఎవరు గుత్తకు చేస్తున్నారో, సాక్షులెవరో, ఇంటి ఆడమనిషి పేరుతో సహా ఆ నెలలోనే రాసి పెట్టుకుందాం. అప్పు తెచ్చిన ప్రతిసారీ ఆమె నోటితో చెప్పించి, తేదీ వేసి రాద్దాం. అది కోర్టులో ఎంతవరకు నిలుస్తుందని ఇక్కడున్న లాయరమ్మను అడిగాను. ఏమీ లేనిదానికంటే చాలా మేలన్నారు.

మా ఊళ్లో పోయిన ఏరువాకకు మొదలుపెట్టాం. పక్కింటి అక్కకు చదువు రాదు, అయినా ఇల్లిల్లూ తిరిగేది ఆమే. రాసేది ఇంటర్ చదివే ఆమె కూతురు. ఇప్పుడు మాకు బుడ్డలు ఒలిచే మిషన్లు వచ్చాయి, కుప్ప చుట్టూ కూర్చునేది లేదు, ఆ పాటలూ లేవు. కానీ పేర్లు రాయించేటప్పుడు అక్క ఒక్కో ఇంటి దగ్గర కూనిరాగం తీస్తూ ఉంటుంది. ఏం పాటని అడిగితే, "పాట కాదు, మరిచిపోకుండా పేర్లు వరస కట్టుకుంటాండా" అంటుంది. ఆ నోటుపుస్తకం తెచ్చాను. నలభై ఒక్క పేర్లున్నాయి. చూసినవాళ్లు పక్కవాళ్లకు ఇవ్వండి. సాయంత్రం బస్సుకు నేను పోయేలోగా మాత్రం నా చేతికి రావాలి, అది ఆమెది.