సంప్‌లో గులాబి వెలుగు: ఆల్గే స్క్రబ్బర్‌కు లైటు పెట్టడం ఎలా?

ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న వాళ్ళందరికీ ఉన్న బాధ ఒకటే, నాచు. అద్దం మీద, రాళ్ళ మీద, పగడాల సందుల్లో, గీకినకొద్దీ వస్తూనే ఉంటుంది. చేపలకు మేత వేస్తున్నంత కాలం నీళ్ళలో నైట్రేటు, ఫాస్ఫేటు చేరుతూనే ఉంటాయి. అవి ఉంటే నాచు ఎక్కడో ఒకచోట పెరిగి తీరుతుంది. సరే, పెరిగేదేదో మనం చూపించిన చోటే పెరగనీ అనుకుని కట్టేదే ఆల్గే స్క్రబ్బర్. ట్యాంకు కింద ఉండే రెండో తొట్టిలో, అంటే సంప్‌లో, ఒక గరుకు జాలీ వేలాడదీసి, దాని మీదుగా నీళ్ళు పల్చటి పొరలా జారేట్టు చేసి, రెండు పక్కలా గట్టి లైటు పెడతాం. నాచు అక్కడ దట్టంగా అల్లుకుంటుంది. వారానికో పది రోజులకో గీకి పారేస్తాం. అది తిన్న నైట్రేటు, ఫాస్ఫేటు దానితోపాటే బయటికి పోతాయి.

ఇది నిన్నమొన్నటి కిటుకు కాదు. అమెరికాలో స్మిత్సోనియన్ సంస్థలో పనిచేసిన వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త దీనికి 1982లోనే పేటెంటు తీసుకున్నారు. ఆయన పద్ధతిలో బకెట్ నిండగానే తలకిందులై, అలలాగా నీళ్ళు కొట్టేది. ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన గ్రేట్ బ్యారియర్ రీఫ్ అక్వేరియంలో నీళ్ళు శుభ్రం చేసింది కూడా మొదట్లో ఈ నాచు జాలీలే. ఇళ్ళలో ఇప్పుడు మనం కట్టుకునేది జలపాతం మోడల్. పైన చీలిక కోసిన పీవీసీ పైపు, దానికి వేలాడే జాలీ.

ఈ వీడియో మాత్రం లైటు గురించే. "స్క్రబ్బర్ పెట్టాను, ఏం లాభం లేదు" అని తీసి అటకెక్కించిన వాళ్ళ సెటప్ చూడండి. పంపు బాగానే ఉంటుంది, జాలీ బాగానే ఉంటుంది. తేడా కొట్టేది లైటు దగ్గరే. అదీ తక్కువై కాదు, చాలాసార్లు మొదటి రోజు నుంచే ఎక్కువై.

ముందు రంగు సంగతి తేల్చుకుందాం.

పైన ట్యాంకులో మనం పెట్టేది నీలం లైటు. సముద్రంలో ఎరుపు కాంతిని నీళ్ళు పై కొద్ది మీటర్లలోనే మింగేస్తాయి, లోతుకు వెళ్ళేది నీలమే. పగడాలు ఆ నీలానికి అలవాటు పడ్డవి. ట్యాంకు మీద ఎరుపు ఎక్కువైతే నాచు వస్తుందని భయపడి తగ్గిస్తాం కదా? సంప్‌లో సరిగ్గా ఆ ఎరుపే కావాలి. ఆకుపచ్చ నాచులో ఉండే పత్రహరితం ఎరుపును, నీలాన్ని బాగా పీల్చుకుంటుంది. జాలీ మీద జారే నీళ్ళ పొర మందం కొన్ని మిల్లీమీటర్లే కాబట్టి, ఎరుపు మధ్యలో ఆగిపోయే బాధ లేదు.

కొనాల్సింది 660 నానోమీటర్ల డీప్ రెడ్ ఎల్ఈడీ, దానికి తోడు 450 నానోమీటర్ల ప్రాంతంలో ఉండే రాయల్ బ్లూ. నాలుగైదు ఎరుపులకు ఒక నీలం చాలు. షాపులో "రెడ్" అని అడిగితే 620, 630 నానోమీటర్ల మామూలు ఎరుపు చేతిలో పెడతారు. దానితో పని జరగదని కాదు, 660తో ఇంకా బాగా జరుగుతుంది. అందుకే నంబరు అడిగి తీసుకోండి. పాత రోజుల్లో 2700 కెల్విన్ సీఎఫ్ఎల్ బల్బులతోనూ లాగించేవాళ్ళు. వార్మ్ వైట్ ఎల్ఈడీ అయినా నడుస్తుంది. అక్వేరియం షాపుల్లో దొరికే 10,000 కెల్విన్ తెల్ల లైటు మాత్రం వద్దు, డబ్బు దండగ.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. 660 ఎరుపు మన కంటికి చాలా మసగ్గా కనిపిస్తుంది. మన కన్ను బాగా చూడగలిగే 555 నానోమీటర్ల పచ్చ కాంతితో పోలిస్తే, అంతే శక్తి ఉన్న 660 ఎరుపు సుమారు ఆరు శాతం వెలుగుగానే తోస్తుంది. "ఇదేంటి, ఇంత డల్‌గా ఉంది" అని ఇంకో నాలుగు ఎల్ఈడీలు తగిలిస్తారు. ఫోన్‌లో లక్స్ యాప్ పెట్టి కొలిచేవాళ్ళూ ఉన్నారు. లక్స్ లెక్క అంతా మనిషి కంటి ప్రకారం కట్టిందే. దానితో నాచు లైటు కొలవడం దండగ పని.

మరి ఎంత లైటు కావాలి? ట్యాంకు ఎన్ని లీటర్లు అని చూడకండి, రోజుకు ఎంత మేత వేస్తున్నారో చూడండి. పాతకాలం లెక్క గ్యాలన్‌కు చదరపు అంగుళం జాలీ. అది ఇప్పుడు ఎవరూ వాడటం లేదు. 400 లీటర్లలో రెండు చేపలున్న ట్యాంకూ ఉంటుంది, 150 లీటర్లలో పన్నెండు ఉన్నదీ ఉంటుంది. చెత్త వచ్చేది నీళ్ళ నుంచి కాదు, తిండి నుంచి. అభిరుచి ఉన్నవాళ్ళంతా వాడుకునే మోటు లెక్క ఇది: రోజుకు ఒక ఫ్రోజెన్ మైసిస్ (చిన్న రొయ్యల్లాంటి మేత) క్యూబ్ వేస్తే 12 చదరపు అంగుళాల జాలీ, రెండు పక్కలూ లైటు పడేట్టు. ఆ జాలీకి రెండు పక్కలా కలిపి సుమారు 6 వాట్ల ఎల్ఈడీ, రోజుకు 18 గంటలు. సీఎఫ్ఎల్ అయితే దానికి రెట్టింపు వాట్లు.

ఉదాహరణకు రోజుకు రెండు క్యూబులు అనుకుందాం. 24 చదరపు అంగుళాలు, అంటే 15 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న జాలీ. ఊలు కుట్టుపనికి వాడే ప్లాస్టిక్ క్యాన్వాస్ తీసుకుని, రంపపు బ్లేడుతో రెండు పక్కలా బాగా గీరి గరుకు చెయ్యండి. నీళ్ళు సెంటీమీటరు వెడల్పుకు గంటకు 50 లీటర్లకు కాస్త పైన, అంటే మన జాలీకి 800 లీటర్ల దాకా పడాలి. పంపు డబ్బా మీద రాసిన అంకె కాదు, పైపు ఎత్తు ఎక్కి జాలీ మీదికి నిజంగా వచ్చే నీళ్ళు. నీళ్ళు తక్కువైతే లైటు ఎంత మంచిదైనా నాచును ఎండబెడుతుంది.

లైటు 12 వాట్ల చుట్టూ ఉండాలి. ఇప్పుడు వైరింగ్.

(దగ్గరి షాట్: ఎల్ఈడీ చిప్, మల్టీమీటర్)

దీన్ని "3 వాట్ ఎల్ఈడీ" అని అమ్ముతారు. డీప్ రెడ్ చిప్‌కు 700 మిల్లీయాంప్‌లు ఇస్తే, దాని మీద పడే వోల్టేజీ సుమారు 2.2. గుణిస్తే ఒకటిన్నర వాట్. అంతే. నీలం చిప్ 3 వోల్ట్‌లకు పైన తీసుకుంటుంది కాబట్టి దాని వాటా ఎక్కువ. "8 ఎల్ఈడీలు, ఒక్కొక్కటి 3 వాట్లు, మొత్తం 24" అని లెక్కేసేవాళ్ళు అసలు వాట్లకు రెట్టింపు చెబుతున్నారన్నమాట.

నేనైతే ఇలా కడతాను. పక్కకు నాలుగు ఎరుపులు, ఒక నీలం. ఎనిమిది ఎరుపుల్నీ ఒకే సిరీస్‌లో కలుపుతాను. ఆ సిరీస్ చివర రెండు నీలాల్నీ ఒకదానికొకటి ప్యారలల్‌గా పెడతాను. అప్పుడు ఎరుపులకు 700 మిల్లీయాంప్‌లు నిండుగా వెళ్తాయి, నీలాలకు అది సగం సగంగా 350 చొప్పున పంచుకుంటుంది. కావాలనే. నీలం నిండుగా వెలిగితే దాని ఎదురుగా నాచు తెల్లగా పాలిపోయి గుండ్రటి మచ్చ పడుతుంది. రెండు నీలాలూ ఒకే బ్యాచ్‌వి తీసుకోండి, లేకపోతే ఒకటే ఎక్కువ లాగుతుంది. మొత్తం వోల్టేజీ 20, 21 మధ్య వస్తుంది. 18 నుంచి 36 వోల్ట్‌ల రేంజ్ ఉన్న 700 మిల్లీయాంప్‌ల కాన్‌స్టెంట్ కరెంట్ డ్రైవర్ సరిపోతుంది. హైదరాబాద్ వాళ్ళయితే కోఠి గుజరాతీ గల్లీలో ఒక చుట్టు తిరిగితే డ్రైవర్, హీట్‌సింక్, థర్మల్ గమ్ లాంటి సామాను సమకూరుతుంది. నంబరు పక్కా ఉన్న 660 చిప్ కోసం ఆన్‌లైన్ చూసుకోవడం మేలు.

సోల్డరింగ్ రాదా? ఎరుపు, నీలం కలిపి తయారైన వాటర్‌ప్రూఫ్ గ్రో లైట్ ప్యానెళ్ళు దొరుకుతాయి. రెండు కొనుక్కుని ఎదురెదురుగా పెట్టెయ్యండి, ఏ నామోషీ లేదు. డబ్బా మీద వాట్లు నమ్మకుండా ప్లగ్ దగ్గర మీటరు పెట్టి చూసుకోండి చాలు.

దూరం. లెన్స్ లేని ఎల్ఈడీ 120 డిగ్రీల వెడల్పున వెలుగు చిమ్ముతుంది. దాన్ని జాలీకి 5 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. మరీ దగ్గరికి జరిపితే మంట చిన్న పొయ్యి మీద పెద్ద పెనం పెట్టినట్టే. నడిమధ్య అట్టు మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. అందుకే ఒక పెద్ద చిప్ కన్నా, అదే శక్తిని ఐదారు చిన్న చిప్‌లుగా పరిచి పెట్టడం మంచిది. లెన్స్‌లు వద్దే వద్దు.

చిప్‌ల వెనక అల్యూమినియం హీట్‌సింక్ తప్పనిసరి. అరగంట వెలిగాక దాని మీద వేలు పెట్టి ఉంచగలగాలి. వెంటనే తీసెయ్యాలనిపిస్తే హీట్‌సింక్ చాలలేదని. ఎరుపు ఎల్ఈడీ వేడెక్కినకొద్దీ వెలుగు తగ్గిపోతుంది, ఆయుష్షు కూడా. లైటుకూ నీళ్ళకూ మధ్య ఒక యాక్రిలిక్ పలక నిలబెట్టండి. ఉప్పు తుంపర ఎక్కడికైనా పాకుతుంది, సోల్డర్ చేసిన చోట్లను తినేస్తుంది. ఆ పలక మీద రెండు వారాల్లో తెల్లటి పొర కడుతుంది. జాలీ గీకే రోజే దాన్నీ తుడవండి. లైటు పాతబడి నాచు తగ్గిందని అనుకునేవాళ్ళకు అసలు అడ్డం ఆ పలకే.

వెలుగు ఎక్కడ పడకూడదో అది కూడా చూడాలి. పైపు చీలికలోకి పడితే నాచు అక్కడే మొలిచి, నీళ్ళు రాకుండా పూడ్చేస్తుంది. చీలికకు రెండు పక్కలా నల్ల ప్లాస్టిక్ పట్టీ అడ్డం పెట్టండి. సంప్‌లో మిగతా గదుల్లోకి కూడా వెలుగు పోకుండా నల్ల షీటు కట్టండి. లేకపోతే హీటరు మీద, పంపు మీద కూడా పచ్చదనం మొదలవుతుంది.

కరెంటు విషయంలో నాకు మొహమాటం లేదు. ఉప్పునీళ్ళ మీద, చెక్క స్టాండు లోపల, 230 వోల్ట్‌ల పని ఇది. కరెంటు లీకైతే లైను తెంచే 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ లేని లైను మీద ఈ సెటప్ పెట్టకండి. డ్రైవర్‌ను సంప్‌కు పైన, స్టాండు బయట గోడకు బిగించండి. ప్రతి వైరూ సాకెట్ కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళాలి, జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఎల్ఈడీలు వెలుగుతుండగా సూటిగా వాటిలోకి చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి.

ఇక గంటలు. చెప్పిన 18 గంటలు పెరిగిన జాలీకి. కొత్త జాలీ మీద నాచే లేదు, అంత వెలుగును వాడుకునేవాడు ఎవరు? మొదటి వారం తొమ్మిది గంటలతో మొదలుపెట్టండి. మొదట గోధుమ రంగు జిగురు పడుతుంది, కంగారు పడొద్దు, అది డయాటమ్. దాని మీదే పచ్చ నాచు అల్లుకుంటుంది. పచ్చదనం జాలీని కప్పాక వారానికి రెండు గంటల చొప్పున పెంచుకుంటూ పోండి. 18 దాటకండి, నాచుకు చీకటి కూడా కావాలి.

టైమర్‌ను ట్యాంకు లైటుకు ఎదురు తిప్పి పెట్టండి. రాత్రి ట్యాంకులో కిరణజన్య సంయోగక్రియ ఆగిపోతుంది, ఊపిరి మాత్రం అన్నీ తీస్తూనే ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగి తెల్లారేసరికి పీహెచ్ పడిపోతుంది. ఆ వేళ సంప్‌లో నాచు మేలుకుని ఉంటే దాన్ని పీల్చుకుంటుంది, పీహెచ్ అంత పడదు. కరెంటు బిల్లుకు భయపడేంత లేదు. డ్రైవర్ నష్టంతో కలిపి 18 వాట్లు లాగినా, 18 గంటలకు నెల మొత్తం పది యూనిట్ల లోపే.

(షాట్: జాలీని వెలుగుకు ఎదురుగా పట్టుకుని)

ఇప్పుడు జాలీ రంగు చదవడం. నాకు ఏ మీటరు కన్నా దీని మీదే నమ్మకం. గడ్డిలా పొడుగ్గా, లేత పచ్చగా ఉంటే అంతా బాగుంది. పసుపు పచ్చగా, రబ్బరులా సాగుతూ, వేలితో లాగితే అట్టలా ఊడొస్తుంటే లైటు ఎక్కువైంది, దానికి తగ్గ తిండి గానీ నీళ్ళు గానీ లేవు. గంటలు తగ్గించండి. అక్కడ ఇంకా వాట్లు పెంచితే ఉన్నదీ పోతుంది. ముదురు గోధుమ, నల్లటి జిగురు పట్టి ముట్టుకుంటే నూనెలా జారుతుంటే నీళ్ళలో పోషకాలు ఎక్కువ, వాటికి ఈ లైటు చాలడం లేదు. గంటలు పెంచండి, జాలీని తరచుగా గీకండి. గీకేటప్పుడు గోకి తెల్ల ప్లాస్టిక్ తేల్చకండి. వేళ్ళ దగ్గర పల్చటి పచ్చ పొర మిగలాలి, మళ్ళీ మొలకెత్తేది దాని నుంచే.

టెస్టు కిట్‌లో నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నా చూపిస్తే సంబరపడి వదిలెయ్యకండి. పగడాలకూ అవి కాస్త కావాలి, లేకపోతే రంగు వెలిసిపోతాయి. లైటు గంటలు కొన్ని తగ్గించండి, లేదా మేత పెంచండి. స్క్రబ్బర్‌లో ఉన్న సుఖం ఇదే. చెత్తను నురగతో తీసే స్కిమ్మర్‌కు లేని మీట ఇక్కడ టైమర్ రూపంలో చేతిలో ఉంది.

చివరిగా ఒక్క సంగతి, మన ఊళ్ళలో ఎండాకాలం కరెంటు కోతలకు పనికొచ్చేది. లైటునూ, జాలీకి నీళ్ళిచ్చే పంపునూ ఎప్పుడూ ఒకే లైను మీద పెట్టండి. ఇన్వర్టర్ ఉంటే రెండూ దాని మీద, లేదంటే రెండూ బయట. లైటు ఒక్కటే ఇన్వర్టర్ మీద వెలుగుతూ పంపు ఆగిందంటే, నీళ్ళు లేని జాలీ ఎల్ఈడీ ముందు ఆరిపోతుంది. వారాల పెంపకం ఒక్క పూటలో పోతుంది. అంతేనా, కరెంటు రాగానే పంపు ఆ చచ్చిన నాచును, అది వదిలే చెత్తను తీసుకెళ్ళి మళ్ళీ ట్యాంకులోనే కలుపుతుంది. కరెంటు ఉండగానే పంపు ఒక్కటే కాలిపోతే ఏంటంటారా? జాలీ కింద ఒక ఫ్లోట్ స్విచ్ పెట్టి, నీళ్ళు పడటం ఆగితే లైటు లైను తెగేట్టు రిలే కట్టుకోవచ్చు. ఆ రిలే వైరింగ్ వచ్చే వీడియోలో బల్ల మీద పెట్టి కట్టి చూపిస్తాను. అప్పటిదాకా ఊరికి వెళ్ళేటప్పుడు స్క్రబ్బర్ లైటు టైమర్‌ను తొమ్మిది గంటలకు తగ్గించి వెళ్ళండి.