రూపాయి ఆఫర్ వెనక ఆటోపే
(గ్రామ కమిటీ బాధ్యుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల గురించి, గిట్టుబాటు ధర గురించి మాట్లాడుకునే చోట ఫోన్ల గొడవ ఎందుకని కొందరు అడిగారు. పీఎం కిసాన్ కింద ఏడాదికి వచ్చేది 6,000 రూపాయలు, అదీ మూడు విడతల్లో రెండేసి వేలు. ఆ డబ్బు పడే ఖాతాకే మన ఫోన్‌పే, గూగుల్ పే ముడిపడి ఉంటున్నాయి. అందులోంచి నెలకు 199, 299 చొప్పున పోతుంటే అది కూడా రైతు సమస్యే.

సినిమాలు, క్రికెట్, జాతకాలు, పిల్లలకు ఇంగ్లీషు నేర్పే యాప్‌లు... ‘ఏడు రోజులు ఉచితం, ఒక్క రూపాయి కట్టండి చాలు’ అంటాయి. రూపాయే కదా అని పిన్ కొడతాం. ఆ పిన్‌తో రూపాయి ఒక్కటే పోదు, ఆటోపేకి కూడా ఒప్పుకున్నట్టు అవుతుంది. ఎంత వరకు తీసుకుంటారో, ఎన్నాళ్లకోసారో, ఏ తేదీ దాకానో అక్కడే రాసి ఉంటుంది. కానీ చిన్న అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లీషులో! మన తాతలు షావుకారి దగ్గర ఖాళీ నోటు మీద వేలిముద్ర వేసినట్టే ఇదీ. కాకపోతే ఈ నోటును మనం ఎప్పుడైనా చింపేయొచ్చు.

చాలామంది యాప్ తీసేస్తే పీడ పోయిందనుకుంటున్నారు. పోదు. యాప్ ఫోన్‌లో లేకపోయినా బ్యాంకులో అనుమతి అలాగే ఉంటుంది, డబ్బు పోతూనే ఉంటుంది. ఫోన్‌పే, గూగుల్ పేలో పైనున్న మన బొమ్మ నొక్కితే ‘ఆటోపే’ అని కనిపిస్తుంది. అందులో మనం ఇచ్చిన అనుమతులన్నీ ఉంటాయి. అక్కర్లేనిది అక్కడే రద్దు చేయాలి. ప్లే స్టోర్ ద్వారా చేరినవైతే అక్కడి ‘సబ్‌స్క్రిప్షన్స్’లో చూడాలి. ఉచిత గడువు చివరి రోజు దాకా ఆగవద్దు. చాలా యాప్‌లలో చేరిన రోజే రద్దు చేసినా గడువు ముగిసేదాకా చూడొచ్చు.

రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందుగా మెసేజి రావాలి. 15,000 లోపు అయితే ప్రతిసారీ పిన్ అడగనక్కర్లేదు కాబట్టి ఆ మెసేజి ఒక్కటే మనకు హెచ్చరిక. లోన్ ఇస్తాం, లాటరీ తగిలిందనే మెసేజీల గుంపులో దాన్ని చూడకుండా వదిలేస్తున్నాం.

చదువురాక మోసపోయారని రైతును తప్పుపట్టడం మాకు నచ్చదు. చేరడానికి ఒక్క నొక్కు, బయటపడటానికి పది గడపలు పెట్టింది కంపెనీలే. ఇలాంటి ఉచ్చులను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే 13 రకాల మాయల జాబితాలో చేర్చి నిషేధించింది. రద్దు చేసినా డబ్బు పోతుంటే 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. నెట్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’ నంబర్లకు మాత్రం చేయవద్దు. అందులో దొంగ నంబర్లున్నాయి. రద్దు చేస్తామంటూ ఓటీపీ అడిగి ఖాతా ఊడ్చేస్తారు. అలా జరిగితే వెంటనే 1930.

ఇప్పుడు టీ విరామం. అందరూ ఫోన్లు తీసి ఆటోపే తెరవండి. చదవడం రానివారికి పక్కనున్న కుర్రాళ్లు చదివి చెప్పండి. పిన్ మాత్రం ఎవరిది వారే కొట్టుకోవాలి.